ఏ ఛార్జర్ ఏ ఫోన్‌కి పెట్టొచ్చు?

(గ్రంథాలయంలో ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగం, రికార్డింగ్ విని రాసింది)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఉన్నాయి. ఇంట్లో వాడే ఛార్జర్లు, కేబుళ్లు తెచ్చుకోమని చెప్పాం కదా, చాలామంది తెచ్చినట్టున్నారు, సంతోషం. వాటిని ఒళ్లోనే ఉంచుకోండి, చివర్లో వాటితో పని ఉంది.

నేను ఇరవై ఏళ్లుగా ఫోన్లు రిపేర్ చేస్తున్నాను. షాపుకి వచ్చేవాళ్లలో రోజుకి ఒకరైనా అడుగుతారు, "అన్నా, నా ఫోన్‌తో వచ్చింది 18 వాట్ల ఛార్జర్, మా తమ్ముడిది 67 వాట్లు, అది పెడితే నా ఫోన్ కాలిపోతుందా?" అని. అలా అడిగిన మనిషే వెళ్తూ వెళ్తూ, "ఊరెళ్తున్నా, ఏదో ఒక ఛార్జర్ ఇవ్వు, చవకది చాలు" అంటాడు. మొదటిదానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది ఆ రెండోదానికి. మనవాళ్లు వాట్లు చూసి టెన్షన్ పడతారు, అడాప్టర్ లోపల ఏముందో మాత్రం ఎవరూ అడగరు. అది చెప్పడానికే వచ్చాను.

ముందు ఆ వాట్ల సంగతి తేల్చేద్దాం. పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చున్నారనుకోండి. వడ్డించేవాడి చేతిలో బకెట్ నిండా సాంబారు ఉంటుంది. బకెట్ పెద్దదని మీ విస్తరి మునిగిపోతుందా? మీరు చెయ్యి అడ్డం పెట్టగానే ఆపేస్తాడు. ఛార్జర్ మీద రాసిన 67 వాట్లు, 100 వాట్లు అన్నది బకెట్ సైజు మాత్రమే. ఎంత తీసుకోవాలో ఫోన్‌లో ఉన్న ఛార్జింగ్ ఐసీ, అంటే ఒక చిన్న చిప్, నిర్ణయిస్తుంది. 18 వాట్లు తీసుకునే ఫోన్ 67 వాట్ల ఛార్జర్ పెట్టినా 18 దాటి తీసుకోదు. ల్యాప్‌టాప్‌కి ఇచ్చిన సీ టైపు ఛార్జర్ కంపెనీదై, మంచిదైతే, దాంతో ఫోన్ ఛార్జ్ చేసుకోవచ్చు. నేను రోజూ చేస్తాను.

"మరి వోల్టులు? ల్యాప్‌టాప్ ఛార్జర్ 20 వోల్టులు ఇస్తుంది కదా" అని ఇక్కడ చదువుకున్న పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. పాత యూఎస్‌బీలో ఉన్నవి 5 వోల్టులే. ఇప్పుడొచ్చే పవర్ డెలివరీ పద్ధతిలో కేబుల్ పెట్టగానే ఛార్జరూ ఫోనూ మాట్లాడుకుంటాయి, ఇది నిజంగా మాటలే, కేబుల్లో అందుకని ఒక ప్రత్యేకమైన తీగ ఉంటుంది. ఛార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తూ, "నా దగ్గర 5 ఉంది, 9 ఉంది, 15 ఉంది, 20 ఉంది" అని చెబుతుంది. ఫోన్ "9 ఇవ్వు" అంటే అప్పుడు 9కి పెరుగుతుంది. ఫోన్ ఏమీ అడగకపోతే 5 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా నష్టం లేదు, నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ వాళ్ల సూపర్‌వూక్ లాంటి పద్ధతులకి వాళ్ల ఛార్జరూ వాళ్ల కేబులూ రెండూ ఉంటేనే పూర్తి స్పీడు. 65 వాట్ల రకంలో 10 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు పోతాయి, మామూలు కేబుల్ అంత మోయలేదు కాబట్టి, వేరే కేబుల్ పెడితే ఫోనే తగ్గించుకుంటుంది. "వేరే కేబుల్ పెడితే స్లోగా ఎక్కుతోంది, ఫోన్ పాడైందా?" అని వస్తారు. ఏమీ పాడవలేదు. అది జాగ్రత్త పడుతోంది.

ఇంకో చిన్న సంగతి, చాలామందికి ఎదురయ్యేదే. ఇయర్ బడ్సో, టార్చి లైటో కొంటారు. దానికి సీ టైపు సాకెట్టే ఉంటుంది కానీ, కొత్త ఛార్జర్‌తో, అంటే రెండు వైపులా సీ టైపు ఉన్న కేబుల్‌తో, ఎక్కదు. పాత వెడల్పు యూఎస్‌బీ ఛార్జర్‌తో మాత్రం ఎక్కుతుంది. ఛార్జర్ పోయిందని పారేస్తుంటారు. తప్పు ఛార్జర్‌ది కాదు. సీ టైపు నిబంధన ప్రకారం ఆ వస్తువు లోపల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి, "నేను ఇక్కడున్నాను, కరెంటు ఇవ్వు" అని చెప్పేది అవే. చవక వస్తువుల్లో పైసల కోసం వాటిని తీసేస్తారు. వస్తువు ఉన్నట్టే ఛార్జర్‌కి తెలియదు, కాబట్టి ఇవ్వదు. మంచి సీ టైపు ఛార్జర్ లక్షణం అది, అవతల ఎవరో ఒకరు ఉన్నారని తేలేదాకా చివర్లోకి కరెంటే పంపదు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఆరేళ్ల కిందట మా అమ్మకి షాక్ కొట్టింది. ఫోన్‌తోనే. మా తమ్ముడు ప్రయాణంలో ఛార్జర్ మర్చిపోయి, బస్టాండ్ బయట బండి మీద 90 రూపాయలకి ఒకటి కొన్నాడు. ఇంటికొచ్చాక దాన్ని వంటింటి గుమ్మం పక్క సాకెట్లో అలాగే వదిలేశాడు. అమ్మ తన ఫోన్ దానికే పెట్టుకుంది. పొద్దున గడప కడిగి, పసుపు రాసి, ముగ్గు వేసి, తడి కాళ్లతో ఉంది. ఫోన్ మోగింది. ఛార్జింగ్ తీయకుండానే చేతిలోకి తీసుకుంది. వెనక వైపు లోహం ఉన్న ఫోన్ అది. చెయ్యి గుంజేసి, గోడకి కొట్టుకుని కింద పడింది. అదృష్టం, ఫోన్ చేతిలోంచి జారిపోయింది. కుడి చెయ్యి సాయంత్రం దాకా తిమ్మిరిగానే ఉంది. ఆ రాత్రి షాపులో కూర్చుని ఆ ఛార్జర్ విప్పాను. అప్పటిదాకా ఛార్జర్ పోయిందంటే కొత్తది అమ్మేవాణ్ణి గానీ, పాతదాన్ని విప్పి చూసే తీరిక ఎప్పుడూ తీసుకోలేదు. ఆ రోజు నుంచి చూస్తున్నాను.

అడాప్టర్ లోపల ఏం జరుగుతుందో చెప్తాను, కష్టం కాదు. గోడ నుంచి 230 వోల్టులు వస్తాయి. దాన్ని డీసీగా, అంటే ఒకే దిశలో పోయే కరెంటుగా, మారుస్తారు, అక్కడ 325 వోల్టుల దాకా పోతుంది. ఆ డీసీని సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతారు. ట్రాన్స్‌ఫార్మర్ అవతల 5 వోల్టులు వస్తాయి. గమనించండి, ఇవతలి తీగకీ అవతలి తీగకీ ఎక్కడా కలయిక లేదు. అయస్కాంత శక్తి ద్వారా మాత్రమే పని జరుగుతుంది. ఇటు మనిషిని చంపే కరెంటు, అటు పసిపిల్లలు పట్టుకునే ఫోన్. మధ్యలో ఒక గోడ. ఆ గోడ అంటే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య ఇన్సులేషన్, బోర్డు మీద రెండు వైపులకీ మధ్య వదిలిన ఖాళీ. మంచి ఛార్జర్లో ఆ ఖాళీ 5 మిల్లీమీటర్లకి తగ్గదు, సాధారణంగా ఇంకా ఎక్కువే ఉంటుంది, కొన్నిటిలో బోర్డునే మధ్యలో కోసి గాడి పెడతారు. ఫ్యాక్టరీలో 3000 వోల్టులు పెట్టి మరీ ఆ గోడని పరీక్ష చేస్తారు.

మా అమ్మకి షాక్ కొట్టిన ఛార్జర్లో ఆ ఖాళీ ఒక మిల్లీమీటరు కూడా లేదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య మామూలు టేపు ఒక్క చుట్టు, అది వేడికి మెత్తబడి జారిపోయింది. ఫ్యూజ్ లేదు. బయట నుంచి చూస్తే మాత్రం తెల్లగా, నున్నగా, కంపెనీదానికేమీ తీసిపోదు. దానితో ఫోన్ ఆరు నెలలు బాగానే ఛార్జ్ అయింది కూడా. అందుకే చెప్తున్నాను, "పనిచేస్తోంది కదా" అన్నది ఛార్జర్ విషయంలో సాక్ష్యం కాదు.

ఇది మన ఊరి సంగతే అనుకోకండి. 2016లో యూఎల్ అనే భద్రతా పరీక్షల సంస్థ 400 నకిలీ ఆపిల్ ఛార్జర్లు పరీక్షించింది. షాక్ నుంచి కాపాడేంత ఇన్సులేషన్ ఉన్నవి 400లో 3. మూడే.

(సభలో ఒకరు: నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు పట్టుకుంటే సన్నగా జివ్వుమంటుంది, అది కంపెనీ ఛార్జరే మరి?)

లోహం బాడీ మీద వేలు రాస్తే చీమ పాకినట్టు ఉంటుంది, అదేనా? అది వేరు. మంచి ఛార్జర్లలో కూడా రెండు వైపుల మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెడతారు, దాని గుండా చాలా చాలా తక్కువ కరెంటు వస్తుంది, మిల్లీ ఆంపియర్‌లో పావు వంతుకి లోపే ఉండాలని లెక్క. చెప్పులు వేసుకుంటే తెలియదు. దాంతో ప్రమాదం లేదు. కానీ చెయ్యి వెనక్కి గుంజినట్టు, కొట్టినట్టు అనిపిస్తే మాత్రం రెండోసారి చూడొద్దు. స్విచ్ ఆపి, ఛార్జర్ తీసేసి, దాని తీగ కత్తిరించి పారేయండి, ఇంకెవరూ ఏరుకుని వాడకుండా.

మన ఊళ్లలో ఇంకో సమస్య ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, పోవడం. వీధిలో న్యూట్రల్ తెగితే ఒక ఇంట్లో బల్బు మసకబారుతుంది, పక్కింట్లో భగ్గున వెలుగుతుంది, ఆ వెలిగిన ఇంట్లోకి 230కి బదులు 400 వోల్టుల దాకా కూడా రావచ్చు. టీవీలు, ఫ్రిజ్‌లు పోయాయని విన్నారు కదా, అది ఇదే. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, 400 దానికీ ఎక్కువే. మంచి ఛార్జర్ అయితే లోపల ఫ్యూజ్ పోయి చచ్చిపోతుంది, ఫోన్‌ని కాపాడి పోతుంది. నాసిరకంది పేలిపోతూ అటువైపు కూడా లాక్కెళ్తుంది. బల్బులు ఎక్కువ తక్కువ అవుతుంటే ముందు మెయిన్ ఆపండి. పిడుగులు పడే వేళ ఛార్జర్ స్విచ్ ఆపడం సరిపోదు, సాకెట్లోంచే లాగేయాలి, ఎందుకంటే స్విచ్ లోపల ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే, పిడుగు దాన్ని లెక్కచేయదు.

పసిపిల్లలున్న ఇళ్లవాళ్లు ఇది గట్టిగా పట్టుకోండి. ఫోన్ తీసేసి, స్విచ్ ఆన్‌లోనే ఉంచి, కేబుల్ చివర మంచం మీదకి వేలాడేసి వెళ్తారు. పిల్ల నోట్లో పెట్టుకుంటుంది. 2023లో కర్ణాటకలోని కార్వార్ దగ్గర ఎనిమిది నెలల పాప అలాగే చనిపోయింది, అన్ని పత్రికల్లోనూ వచ్చింది. 5 వోల్టులే కదా అనుకోవద్దు, గోడ తెగిన ఛార్జర్లో ఆ చివర ఉండేది 5 కాకపోవచ్చు. ఫోన్ తీశాక స్విచ్ ఆపండి. అంతకంటే మంచిది, కేబుల్ చుట్టి పైన పెట్టండి. ఇది చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది, క్షమించండి.

కేబుళ్ల దగ్గరికి వద్దాం. కేబుల్ అంటే తీగే కదా అనుకుంటాం. లోపల రాగి ఎంత ఉందన్నది అసలు లెక్క. గేజ్ అంటారు, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. మీటరు పొడవు 28 గేజ్ సన్న కేబుల్లో వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ కలిపి దాదాపు 0.4 ఓమ్‌ల అడ్డు ఉంటుంది. 2 ఆంపియర్లు లాగితే దారిలోనే 0.8 వోల్టు పోతుంది. 5 బయల్దేరితే ఫోన్ చేరేసరికి 4.2. బ్యాటరీ నిండాలంటేనే 4.4 దాకా కావాలి, ఎలా నిండుతుంది? ఆ పోయింది ఎక్కడికీ పోలేదు, ఒకటిన్నర వాటు వేడిగా మారి కేబుల్లోనే ఉంది. రెండు మీటర్ల పొడవైతే రెండింతలు. అదే 24 గేజ్ తీగైతే నష్టం సగం కంటే తక్కువ. ఫాస్ట్ ఛార్జింగ్‌లో 9 వోల్టులకి పెంచేది కూడా ఇందుకే. అదే 10 వాట్లు 9 వోల్టుల మీద పంపితే 1.1 ఆంపియర్లే పోతాయి, అదే కేబుల్లో వేడి అర వాటుకి పడిపోతుంది. ఊరి బయట టవర్ల మీద లైన్లలో లక్షల వోల్టులు పంపేది కూడా ఇందుకే, లెక్క ఒక్కటే.

సీ టైపు కేబుల్ నిబంధన ప్రకారం ఉంటే 3 ఆంపియర్లు మోయాలి, అంటే 60 వాట్ల దాకా. 5 ఆంపియర్లు మోయాలంటే కేబుల్ మొనలో ఒక చిప్ ఉండాలి, అది ఛార్జర్‌కి "నేను మోయగలను" అని చెప్పాకే అంత కరెంటు వదులుతుంది. కాబట్టి 100 వాట్ల ఛార్జర్ కొని, పాత కేబుల్ పెట్టి, స్పీడు లేదంటే లాభం లేదు.

తప్పుగా తయారైన కేబుల్ ఏం చేస్తుందో లోకానికి చూపించినాయన బెన్సన్ ల్యూంగ్ అని గూగుల్ ఇంజినీరు. 2015లో ఆన్‌లైన్‌లో అమ్మే సీ టైపు కేబుళ్లు సొంత డబ్బుతో కొని, ఒక్కొక్కటీ పరీక్షించి, ఏది బాగుందో ఏది బాగాలేదో రాసేవాడు. ఒక వైపు వెడల్పు యూఎస్‌బీ, ఇంకో వైపు సీ టైపు ఉండే కేబుళ్లలో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి, చాలావాటిలో 10 ఉండేది. దాంతో ఫోన్‌కి ఏమనిపిస్తుందంటే, అవతల 3 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్ ఉందనిపిస్తుంది. అక్కడున్నది ఒక ఆంపియర్ పాత ఛార్జర్ అయినా లాగేస్తుంది, ఛార్జర్ మాడిపోతుంది. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్లో అయితే పవర్ తీగ, గ్రౌండ్ తీగ తారుమారు చేసి అతికారు. పెట్టిన మరుక్షణం ఆయన ల్యాప్‌టాప్ పోయింది, పరీక్షించే పరికరం పోయింది. ఛార్జర్ ఎంత మంచిదైనా మధ్యలో కేబుల్ అబద్ధం చెబితే ఏమవుతుందో చూడండి. నేను మా ఇంట్లోవాళ్లకి ఎప్పుడూ చెప్పేది, ఛార్జర్ మీద పెట్టే డబ్బులో మూడో వంతైనా కేబుల్ మీద పెట్టమని.

పిన్ను దగ్గర నల్లబడ్డా, పసుపు రంగు తిరిగినా, తొడుగు చిరిగి లోపల తీగలు కనిపించినా, ఒక పక్కకి వంచి పట్టుకుంటేనే ఎక్కుతున్నా, ఆ కేబుల్ పని అయిపోయింది. ఇన్సులేషన్ టేపు చుట్టి ఇంకో ఆరు నెలలు వాడకండి. అయితే వంచితేనే ఎక్కుతోందంటే ఒకసారి ఫోన్ సాకెట్లో కూడా చూడండి. జేబులో పెట్టుకునేవాళ్ల ఫోన్లలో నూలు పోగులు అడుగున దట్టంగా చేరి, పిన్ను పూర్తిగా దిగదు. ఫోన్ ఆపేసి, సన్న చెక్క పుల్లతో మెల్లగా తీస్తే సరిపోతుంది. పిన్నీసు, సూది వద్దు. వానలో తడిసిన ఫోన్‌కి ఛార్జర్ అస్సలు పెట్టొద్దు, సాకెట్ కిందికి ఉండేలా పట్టుకుని తట్టి, గాలికి ఆరనివ్వండి. బియ్యంలో పెట్టకండి, నూక, పొడి లోపలికి పోయి నా దగ్గరికే వస్తుంది.

(సభలో ఒక అమ్మాయి: రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోవచ్చా సార్?)

అమ్మా, 100కి చేరగానే ఫోన్ తనంతట తనే ఆపేస్తుంది, ఎక్కువ తాగి పేలిపోదు. ఇప్పుడొచ్చే ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగ్ కూడా ఉంటుంది, పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. నా భయం వేడి గురించి. దిండు కింద, దుప్పట్లో, పరుపు మీద పెట్టి పడుకుంటారు. ఫోన్ నుంచి, అడాప్టర్ నుంచి వచ్చే వేడి బయటికి పోవడానికి దారి ఉండదు. ఆపిల్ వాళ్లయితే పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటితే వాడొద్దని రాస్తారు, మే నెలలో మన రేకుల ఇళ్లలో రాత్రి పూట కూడా అంతే ఉంటుంది. కాబట్టి బల్ల మీద, నేల మీద, గాలి తగిలేచోట పెట్టండి. వీలైతే పడుకునే ముందే పెట్టి తీసేయండి. రైల్లో రాత్రి 11 నుంచి పొద్దున 5 వరకు ఛార్జింగ్ సాకెట్లు ఆపేయాలని 2021 మార్చిలో రైల్వే నిర్ణయించింది, అందరూ నిద్రలో ఉన్నప్పుడు మంట పుడితే చూసేవాళ్లుండరనే.

బ్యాటరీ ఉబ్బితే, అంటే వెనక మూత లేచినా, స్క్రీన్ ఒక పక్క పైకి వచ్చినా, ఆ ఫోన్‌కి మళ్లీ ఛార్జర్ పెట్టకండి. నొక్కి సరిచేయాలని చూడకండి. లోపల సన్నని పొర ఒకటే ప్లస్సునీ మైనస్సునీ విడదీస్తోంది, అది చిరిగితే మంట. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లు వెనక్కి తీసుకున్నది కూడా బ్యాటరీల లోపల ఇలాంటి లోపాలవల్లే, ఛార్జర్ల వల్ల కాదు.

సరే, ఇప్పుడు మీ ఛార్జర్లు బయటికి తీయండి. వెనక చిన్న అక్షరాలుంటాయి, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. మూడు చూడాలి. ఒకటి, అవుట్‌పుట్ దగ్గర వోల్టులు, ఆంపియర్లు విడివిడిగా రాసి ఉండాలి, ఉత్తగా "ఫాస్ట్ ఛార్జర్" అని ఉంటే కుదరదు. రెండోది, ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు, లోపల రెండింతల ఇన్సులేషన్ ఉందని దాని అర్థం. మూడోది ముఖ్యం, ఐఎస్ఐ తరహాలో బీఐఎస్ గుర్తు, బీఐఎస్ అంటే వస్తువుల ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ, దాని కింద ఆర్ అక్షరం, గీత, ఎనిమిది అంకెలు. 2012లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు కిందికి తర్వాత అడాప్టర్లనీ, పవర్ బ్యాంకులనీ చేర్చి ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. గుర్తులు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు కాబట్టి అక్కడితో ఆగకండి. బీఐఎస్ కేర్ అని ఉచిత యాప్ ఉంది, అందులో ఆ ఆర్ నంబరు కొడితే ఏ కంపెనీది, ఏ వస్తువుకి ఇచ్చారో వస్తుంది. ఛార్జర్ మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వచ్చిందంటే దాన్ని ఇంటికి తీసుకెళ్లకండి.

ముందు వరసలో పెద్దమ్మగారూ, మీదివ్వండి. ఇది... అవుట్‌పుట్ 5 వోల్టులు, 2 ఆంపియర్లు, బాగుంది. చదరంలో చదరం ఉంది. ఆర్ నంబరు... చెరిగిపోయిందా, అసలు లేదా? బాబూ, నీ ఫోన్‌లో లైటు వేసి ఇలా చూపించు. లేదు. అమ్మా, ఇది ఎక్కడ కొన్నారు? సంతలోనా. దీన్ని నా దగ్గరే ఉంచండి, ఇక్కడే అందరి ముందు విప్పి ఆ గోడ ఎంత ఉందో చూద్దాం. స్క్రూడ్రైవర్ ఎవరైనా అందుకోండి.